సావిడికి వెల్ల

పోయిన ధనుర్మాసంలో మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి, ముందుగది నాలుగు మూలలూ పరికించి, "నాన్నగారూ, హాలు బాగా పాతబడిపోయిందండీ" అన్నాడు. మాట అని ఊరుకోలేదు. పట్నం నుంచి ఒక కుర్రవాణ్ణి పిలిపించి కొలతలు తీయించాడు. ఆ కుర్రవాడు గోడలకు ప్లాస్టిక్ పలకలు, పైన ఫాల్స్ సీలింగు, దానిలో దాగిన దీపాలు, టీవీ వెనుక ఒక పెద్ద చెక్క చట్రం — అన్నీ బొమ్మ గీసి చూపి, మూడు లక్షల ఎనభై వేలు అవుతుందన్నాడు. నేను పింఛను మనిషిని. ఇరవై వేలు దాటి ఖర్చుపెట్టే ఉద్దేశం లేదని మర్యాదగానే చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను.

ఆయన వెళ్ళాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆ గది మా తాతగారు కట్టించినది. నా చిన్నతనంలో దానికి ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. అయినా అది పాతగది అని అప్పట్లో ఎవరూ అనగా వినలేదు. ఇప్పుడు మాత్రం పదేళ్ళు నిండని హాలును కూడా పాతబడిందంటున్నారు. గదికి పాతబడటం అనే గుణం ఎప్పుడు అంటుకున్నది? చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కాదు గనుక, యీసారి మా నరసాపురం వైపు ముందుగదుల చరిత్ర నాకు తెలిసినంతలో వ్రాస్తున్నాను.

ముందు మాట సంగతి. 'హాలు' అన్నది నిన్నగాక మొన్న వచ్చింది. మా చిన్నప్పుడు అది సావిడి. చావడి అన్నా అదే. ఊరందరికీ ఉన్నది రచ్చసావిడి, పశువులకు ఉన్నది పశువుల సావిడి, ఇంటి ముందుభాగంలో ఉన్నది ఉత్త సావిడి. మూడింటికీ ఒకే పేరు ఉండటంలోనే దాని స్వభావం తెలుస్తుంది. అది ఎవరో ఒకరి గది కాదు. వచ్చిన మనిషి కూర్చునే చోటు, ధాన్యం బస్తా దించే చోటు, పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపడుచు ఉయ్యాల వేసే చోటు, రాత్రి మగపిల్లలు వరసగా పడుకునే చోటు. వాడకానికే గాని చూపుకు కట్టినది కాదు.

డెల్టాలో యిటువంటి ఇళ్ళు విరివిగా లేచింది ధవళేశ్వరం ఆనకట్ట తరవాతనే. 1833 ప్రాంతపు కరువులో ఛిన్నాభిన్నమైన యీ సీమకు, ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వల్ల కాలువ నీరు వచ్చింది. నీటి వెంట వరి, వరి వెంట డబ్బు, డబ్బు వెంట టేకు దూలాలు. పాపికొండల ఎగువ నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద దించిన కలప రాజమండ్రికి చేరి, అక్కడినుంచి కాలువల వెంట ఊళ్ళకు పోయేది. కలవారు మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, వానచినుకు నట్టింట పడే ఇళ్ళు అవి. మాబోటివారు ముందు అరుగు, వెనుక సావిడి, ఆ వెనుక వంటిల్లుగా సాదా పెంకుటిళ్ళు కట్టుకున్నారు. కప్పు మీద మొదట కుమ్మరి సారె మీద చేసిన గూన పెంకులు, ఆ పైన యంత్రం మీద ఒత్తిన పలక పెంకులు. ఈ రెండో రకాన్ని మంగుళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో తయారు చేయడం మొదలుపెట్టగా, మనవాళ్ళు దానికి 'బెంగుళూరు పెంకు' అని నామకరణం చేశారు! భూగోళం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు యీ పొరపాటు చెప్పి నవ్వించేవాణ్ణి.

సావిడి అంటే సామాన్యమైన చోటని తీసిపారేయరాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది గుడిలో కాదు, సత్రంలో కాదు, తన ఇంటనే. ఊరు వెలివేస్తుందని తెలిసీ తలుపులు తీసి పెట్టారు. ఆ ఇంటి గోడలకు ఆ రోజు ఏ రంగు వేశారని ఎవరూ అడగరు గదా.

ఇక గోడల సంగతి. ఇక్కడే నా సందేహానికి జవాబు దొరికింది.

మా సావిడి గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. ఆ సున్నం ఊరవతల గానుగలో ఆడినది. వలయాకారపు గాడిలో రాతిచక్రం తిరుగుతుంటే ఎద్దు చుట్టూ తిరిగేది. సున్నమూ ఇసుకా కలిసి వెన్నలా నలిగేవి. పైపూతకు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. వెల్ల వేయడానికి వాడేది గుల్ల సున్నం. సముద్రపు ఒడ్డునా కయ్యల్లోనూ ఏరిన గుల్లలను బట్టీలో కాల్చి, ఆ కాలిన గుల్లలపై నీరు పోస్తే బుసబుసమని పొగలు కక్కుతూ విచ్చి పిండి అయ్యేది. ఆ కుండ దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవారు కారు. కంట్లో చిటికెడు పడితే చూపే పోతుంది. రెండు మూడు రోజులు నానిన సున్నాన్ని పలుచని గుడ్డలో వడగట్టి, పట్టు కోసం గంజి గాని తుమ్మబంక గాని, తెలుపు తేటగా కనబడటానికి కాస్త నీలిమందు కలిపి, గోగునార కుంచెతో గోడకు పూసేవారు. పూసినప్పుడు గోడ తడిసి నల్లబారి, వెల్ల పడిందా లేదా అన్నట్టుంటుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఇది మాయ కాదు. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్ళీ సున్నపురాయి అవుతుంది. అంటే ప్రతి ఏడూ గోడ మీద పల్చని రాతిపొర ఒకటి కొత్తగా పుడుతుందన్నమాట.

(వెల్ల అంటే తెలుపే. వెల్లుల్లి అంటే తెల్లని ఉల్లి. వెల్లావు అంటే తెల్లని ఆవు. పండితుడి దురద, మన్నించండి.)

ఈ తతంగం ఏటా సంక్రాంతి ముందు జరిగేది. సామానంతా అరుగు మీదికి చేరేది. అటక మీది ఇత్తడి బిందెలు దిగేవి. బూజుకర్రతో వాసాలు దులిపి, గోడలకు రెండు పూతలు వెల్ల వేసి, అడుగున జానెడు మేర ఎర్రమన్ను పట్టీ దిద్దేవారు. మట్టి నేల అయితే పేడతో అలికి ముగ్గు. మాకు తరవాత వచ్చిన ఎర్ర గచ్చు అయితే కడిగి కొబ్బరినూనె గుడ్డతో రుద్దడం. నాలుగు రోజుల తరవాత సామాను లోపలికి వచ్చేసరికి గది కొత్తది. తలుపులు అవే, పడక కుర్చీ అదే, భోషాణం అదే. అయినా కొత్తది. ఏటా పుట్టే గదికి ముసలితనం ఎక్కడిది?

ఖర్చు ఎంతయ్యేదీ అంటే, సున్నపు కావిడి ఒకటి రెండు, నీలిమందు పొట్లం. మిగిలినదంతా ఊరిలోనే దొరికేది. యీ మాట వ్రాసి నేను కొంతసేపు ఆగిపోయాను. ఎందుకంటే యీ లెక్క తప్పు. గోడకు నిచ్చెన వేసి ఎక్కేది మాత్రం కూలికి వచ్చిన మగమనిషి. సున్నం వడగట్టింది, ఎర్రమన్ను దిద్దింది, పేడ కలిపి మోకాళ్ళ మీద పాకుతూ మూల మూలా అలికింది, బిందెలు చింతపండు పెట్టి తోమింది మా అమ్మా, మా మేనత్తా, పొలం పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ. ఆ ఇద్దరికి కొలిచి ఇచ్చేది ధాన్యం. అమ్మకీ అత్తకీ కొలిచేది లేదు. సున్నం తిన్న వేళ్ళకు రాత్రి వెన్న రాసుకుని కూర్చున్న అమ్మ నాకు బాగా జ్ఞాపకం. 'ఇల్లు చూచి ఇల్లాలిని చూడు' అన్న సామెతను తరగతి గదిలో ముప్పై ఏళ్ళకు పైగా గుణవర్ణనగానే బోధించాను. అది ఒక తనిఖీ అని ఇప్పుడు తోస్తున్నది. ఇల్లు చూచేది వచ్చినవాళ్ళు. మార్కులు పడేది ఆమెకు.

గోడ మీదికి వస్తువులు చేరిన క్రమం కూడా చెప్పాలి. మొదట పటాలు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి లక్ష్మీ సరస్వతుల రంగు బొమ్మలను వేయడం మొదలుపెట్టాక, పూజగదిలో పసుపు బొట్టుగానో కలశంగానో ఉన్న దేవత సావిడి గోడకెక్కి, చీర కట్టుకున్న మనిషి రూపంలో ఇంటికి వచ్చినవాళ్ళను పలకరించింది. వాసాలకు కాస్త దిగువగా, ముందుకు వంచి, వరసగా తగిలించేవారు. తరవాత వరసలో గాంధీగారు, నెహ్రూగారు చేరారు. పెళ్ళి ఫొటోలు చేరాయి. మందుల కొట్టు క్యాలెండరు చేరింది. వెల్ల వేసే రోజున అన్నీ దిగి మళ్ళీ ఎక్కేవి. మేకులు మాత్రం తరతరాలవి.

బొమ్మల విషయం మరొకటి. మా వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు, పింగాణీ కుక్కలు అన్నీ మెట్ల మీద కూర్చునేవి. పండగ వెళ్ళాక గుడ్డపీలికల్లో చుట్టి పెట్టెలో పడుకునేవి. ఏడాదికి మూడు రోజుల వైభవం కనుక ఏటా కొత్తగానే ఉండేవి. ఆ తరవాత షోకేసు వచ్చింది. అద్దాల బీరువాలో బొమ్మలకు పన్నెండు నెలలూ కొలువే! దుమ్ము పట్టి, రంగు వెలిసి, వాటిని ఎవరూ చూడటం మానేశారు. మా సావిడి ముసలితనానికి మొదటి నెరిసిన వెంట్రుక ఆ షోకేసే.

1986 ఆగస్టు సంగతి గోదావరి ఒడ్డువారెవరూ మరువలేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయిన ఏడు అది. మా సావిడిలో మోకాటి లోతు నీరు రెండు రోజులు నిలిచింది. దిగాక గోడ మీద బురద గీత. అందరం దిగులుపడ్డాం గాని, గోడ గాలి పీల్చుకుంటూ మెల్లగా ఆరింది. సంక్రాంతికి గీకి వెల్ల వేస్తే, వరద వచ్చిన గుర్తే లేదు. ఆ జనవరిలోనే దూరదర్శన్ 'రామాయణం' మొదలైంది. మరుసటి ఏడు మా ఇంటికీ టీవీ వచ్చింది. అంతవరకూ సావిడిలో మనుషులు ఎదురెదురుగా కూర్చునేవారు. టీవీ వచ్చాక కుర్చీలన్నీ ఒకే వైపు తిరిగాయి. అరుగు మీద కూర్చునే అలవాటు కూడా అప్పుడే తగ్గింది. 'సావిడి' అన్న మాట మా ఇంట్లో వినబడటం మానేసి 'హాలు' అనడం మొదలైంది సుమారుగా ఆ రోజుల్లోనే.

ఆపైన 1996 నవంబరు 6 తుఫాను. కోనసీమ కొబ్బరి నేలమట్టమైన ఆ రాత్రి మా పెంకులు కూడా సగం ఎగిరిపోయాయి. మా వీథిలో చాలామంది పెంకు దించి స్లాబు వేసుకున్నారు. వారిని తప్పుపట్టను, ఆ రాత్రి చూచినవాడెవడూ తప్పుపట్టడు. మేము డబ్బు చాలక పెంకే మళ్ళీ కప్పుకున్నాం. కానీ 'ఏటేటా యీ వెల్ల గొడవ ఎందుకు, ఒకేసారి వేస్తే ఇరవై ఏళ్ళు చూడనక్కరలేదు' అని ఒక రంగుల మేస్త్రి చెప్పిన మాట విని, 1999లో గోడలకు సిమెంటు పూసి ఆకుపచ్చ నూనెరంగు వేయించాను. ఆ నిర్ణయం నాదే. రెండు వానాకాలాలు తిరక్కుండా అడుగునుంచి బొబ్బలు లేచాయి. డెల్టా నేల కింద నీరు మూరెడు లోతులోనే ఉంటుంది. దానిలో ఉప్పు ఉంటుంది. ఆ చెమ్మ గోడలోకి ఎక్కి, సున్నం అయితే బయటికి పోయేది. నూనెరంగు దానికి తలుపు మూసింది. పెచ్చులు ఊడటం, ఉప్పు పూయడం, మళ్ళీ పుట్టీ పెట్టి రంగు వేయడం. ఇరవై ఏళ్ళు చూడనక్కరలేని గోడను ఇరవై ఏళ్ళూ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడా కుర్రవాడు చెప్పిన ప్లాస్టిక్ పలకలు ఆ ఊడిన పెచ్చులను కప్పడానికే.

ఇంతవరకూ చెప్పి లేసు మాట చెప్పకపోతే నరసాపురం వాణ్ణి కాను. 1844లో స్కాట్లండు మిషనరీలు మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు నేర్పిన అల్లకం అది. ఇరవయ్యో శతాబ్దంలో అది సముద్రాలు దాటిన వ్యాపారమైంది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు. ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక అరుగు మీద కూర్చుని సూదితో పువ్వులు అల్లుతారు. వాటిని జతపరచడం మరొకరి పని. చేతిపని, అతుకుపని అని వాటికి పేర్లు. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు యీ స్త్రీలను గురించి 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. వీరు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పనిచేసినా 'ఇల్లాళ్ళు తీరికవేళ చేసుకునే పని' అన్న పేరు పెట్టడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె వాదం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే.

మా అమ్మ అల్లేది. నేను హైస్కూలు చదివిన రోజుల్లో నా పుస్తకాలు ఆ దారంలోంచే వచ్చాయి. కలవారి ఇళ్ళ సావిళ్ళలో రేడియో మీద, ఆ తరవాత టీవీ మీద, సోఫా వీపుల మీద లేసు గుడ్డలు ఉండేవి. మా సావిడిలో ఒక్కటీ లేదు. దారం తూకం, ఇచ్చినంత బరువూ తిరిగి చూపాలి. అతిథులు వచ్చి మా గది బోడిగా ఉందనుకున్న రోజున, దాని అరుగు మీదనే ఎవరి బల్లకో పువ్వులు తయారవుతున్నాయి.

ఇప్పుడు నేను చేసినది చెప్పి ముగిస్తాను. షోకేసు తీసివేశాను, బొమ్మలు పెట్టెలోకి వెళ్ళాయి, పండక్కి వస్తాయి. ఇద్దరు కూలీలు ఆరు రోజులు నూనెరంగు గీకి, అడుగున మూడడుగుల మేర సిమెంటు కొట్టేసి సున్నపు పూత పెట్టారు. రోజుకు మనిషికి తొమ్మిది వందల చొప్పున పదివేల ఎనిమిది వందలు. సున్నానికి పద్ధెనిమిది వందలు. గుల్ల సున్నం దొరకలేదు, రాతి సున్నంతోనే సరిపెట్టుకున్నాను. కుంచెలు, నీలిమందు, బంక కలిసి మూడు వందలు. రెండు పాత కుర్చీలకు పేము అల్లించడానికి పదహారు వందలు. సోఫా దిండ్లకు చేనేత గుడ్డ రెండువేల ఆరు వందలు. దీపాలు తొమ్మిది వందలు. వెరసి పద్ధెనిమిది వేలు. వెల్ల మూడు పూతలూ నేనే వేశాను. అరవై దాటినవాడు నిచ్చెన ఎక్కకూడదని మా అబ్బాయి ఫోనులో కోప్పడ్డాడు; ఆ మాట నిజమే, రెండో రోజు నుంచి పై వరస వాళ్ళ చేతనే వేయించాను. ఎర్ర గచ్చు మీద ముప్పై ఏళ్ళ మురికి వదిలించడానికి మా ఆవిడ, నేను మూడు పూటలు కూర్చున్నాం. దిండ్ల గలేబులు ఆమే కుట్టింది, తొమ్మిది మధ్యాహ్నాలు.

లెక్కల పుస్తకంలో ఇవన్నీ వరసగా వ్రాసి, చివర 'కుట్టుకూలి' అని ఒక పద్దు వేసి, ఎదురుగా ఎంత వ్రాయాలో తెలియక ఆమెనే అడిగాను. "మీరు అమ్మగారి పద్దు ముందు వేయండి, తరవాత నాది చూద్దాం" అన్నది. పుస్తకంలో ఆ గడి అలాగే ఉంది.

పెట్టె అడుగున అమ్మ సగం అల్లిన ముక్క ఒకటి దొరికింది, సూది దానిలోనే గుచ్చి ఉంది. ఏజెంటుకు ఎందుకు చూపలేదో, ఎలా మిగిలిందో చెప్పే మనిషి లేదు. దాన్ని పటం కట్టించి గోడకు పెడదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. మంచినీళ్ళ కూజా మీద కప్పింది.

గదికి ఇప్పుడు ఒకే ఇబ్బంది. గోడకు ఆనుకుంటే వీపు తెల్లబడుతుంది. మా ఇంటికి వచ్చే మిత్రులు ముదురు రంగు చొక్కా వేసుకోవద్దని మనవి.